ఉమ్మడి యంత్రము – సొంత పనిముట్టు

పనికి తగిన పనిముట్టు చేతికి వచ్చినచో పని సగము అయినట్లేయని మన పెద్దలు ఎరిగియుండిరి. కవరైపేట్టై, గుమ్మిడిపూండి, పొన్నేరి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఒకప్పుడు పనిముట్టనగా నాగలి, మగ్గము, తక్కెడ, లెక్కల చిట్టా. వాటి మంచిచెడ్డలను నిర్ణయించుటకు ఇంటిలో పెద్దలుండిరి. కఱ్ఱు అరిగినదా, తూకము సరిగా నున్నదా అని చెప్పుటకు పరదేశపు పండితుడు రానక్కరలేకపోయెను.

నేడు మన యిండ్లలో పుట్టుచున్న ప్రశ్న వేఱు. 1995వ సంవత్సరములో ఆర్. ఎం. కె. ఇంజనీరింగు కళాశాల మా ఊర వెలసిన పిమ్మట ఈ చుట్టుప్రక్కల ఇంజనీరు లేని వీధి అరుదైనది. పండుగకు ఇంటికి వచ్చిన బిడ్డల మాటలలో క్లస్టరు, కోరు, క్యూ, లైసెన్సు అను పదములు వినబడుచున్నవి. పదుగురు పంచుకొను మహాయంత్రముమీద ఇంజనీరింగు లెక్కను నడపుటకు ఏ సాఫ్ట్‌వేరును ఎన్నుకొనవలెననునది వారి ప్రశ్న. ఇది పండితుల గోష్ఠికి మాత్రమే చెందిన చర్చయని తోచవచ్చును. కాని మా యింట ఈ ప్రశ్న వచ్చినప్పుడు దాని వెనుక ఒక ఏటి గట్టును, ఆ గట్టు క్రింది పల్లెలును ఉండెను. కావున ఈ సంచికలో సంఘ కుటుంబములతో ఆ విషయమై నాలుగు మాటలు చెప్పుకొనుట యుక్తమని తలచితిమి.

ముందుగా ఈ లెక్క యెట్టిదో చెప్పుదుము. మన జిల్లాలోనే పూండి జలాశయము చెంత 1940ల నాటి జలశాస్త్ర పరిశోధనాలయమొకటి కలదు. ఆనకట్టలను, కలుజులను చిన్న ప్రమాణములో కట్టి, వానిమీద నీరు వదలి, సుడి ఎక్కడ తిరుగుచున్నదో, నేల ఎక్కడ కోసుకొనిపోవుచున్నదో కన్నులార చూచు పద్ధతి అచ్చటిది. కంప్యూటరులో చేయు అనుకరణ గణనము, అనగా పిల్లలు చెప్పు సిమ్యులేషను, అదే పనిని అంకెలతో చేయును. ఏటిని, గట్టును, పొలమును వేలకొలది చిన్న గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోను నీటి లోతెంత, వేగమెంత యని క్షణక్షణమునకు లెక్కించును. గడి చిన్నదైన కొలది చిత్రము స్పష్టమగును, శ్రమయు పెరుగును. నేలమీద గడి పొడవును సగము చేసినచో గళ్ళు నాలుగింతలగును. కాలమును గూడ సగము సగము అడుగులుగా వేయవలసివచ్చును గనుక మొత్తము పని ఎనిమిదింతలగును. 20 మీటర్ల గడితో ఒక గంట పట్టిన లెక్క 10 మీటర్ల గడితో 8 గంటలు, 5 మీటర్ల గడితో 64 గంటలు పట్టును. ఇంటి కంప్యూటరు చాలక మహాయంత్రము వైపు చూచుట ఇందువలననే.

అట్టి యంత్రములు మన దేశమునకు ఊరక రాలేదు. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1986లో ఫ్లోసాల్వరు అను సమాంతర గణనయంత్రమును మొదలుపెట్టినది గాలి ప్రవాహముల లెక్కల కొరకే. 1988లో పూనాలో సి-డాక్ సంస్థ ఏర్పడినది. 1991లో పరమ్ 8000 వెలువడినది. 2015లో జాతీయ సూపర్ కంప్యూటింగు ప్రణాళిక ఆరంభమైన తరువాత ఆ పరమ్ వంశమునకు చెందిన యంత్రములు అనేక విద్యాలయములకు చేరినవి. తిరుచ్చిరాపల్లి ఎన్.ఐ.టి.లో 2022లో ప్రతిష్ఠింపబడినదానికి పరమ్ పొరుళ్ అని పేరు. హైదరాబాదు ఐ.ఐ.టి.లోనిదానికి పరమ్ సేవ అని పేరు. రెంటి శక్తియు ఒక్కటే, 838 టెరాఫ్లాపులు. అనగా సెకనునకు 838 లక్షల కోట్ల లెక్కలు. ఒకటి తమిళ నామము, వేఱొకటి తెలుగువారికిని తెలిసిన నామము. ఇరు భాషల నడుమ బ్రతుకుచున్న మనకు ఆ పేర్లు వినసొంపుగా నున్నవి.

ఇట్టి యంత్రము ఎవరి బల్లమీదనో ఉండదు. విద్యార్థి దూరమునుండి దానిలో ప్రవేశించి, తన పనిని వ్రాసి సమర్పించి, తన వంతు వచ్చువరకు కాచుకొనవలెను. వంతులు నిర్ణయించునది స్లర్మ్ అను ఏర్పాటు. దానిని మన చెరువు తూముకడ నుండు నీరుగంటితో పోల్చినచో ఏ రైతుకైనను తెలియును. నిన్న ఎక్కువ నీరు పారించుకొన్నవానిని నేడు వెనుక నిలుపును. తనకెంత పొద్దు కావలెనో నిజముగా చెప్పిన చిన్న కమతమువానిని, పెద్ద కమతములకు చాలని నడిమి ఖాళీలో ముందుగా పంపును. ఒక గంట పనికి ఒక రోజు కావలెనని వ్రాసినవాడు ఆ ఖాళీలలో ఇమడక తానే వెనుకబడును. గడువు మీరిన పనిని నిర్దాక్షిణ్యముగా నిలిపివేయును. కావున నడుమ ఆగినను, ఆగినచోటినుండి తిరిగి సాగగల పనిముట్టు కావలెను.

ఇక మా యింటి విషయము. మా తమ్ముని కుమార్తె ఇచ్చట పట్టము ముగించి తిరుచ్చిలో పైచదువు చదువుచుండెను. ఆమె తన పరిశోధనకు ఆరణియారును ఎన్నుకొన్నది. ఆంధ్రదేశమున అరుణానది యనియు పిలువబడు ఈ ఏరు పిచ్చాటూరు జలాశయమును దాటి, సురుటుపల్లి దేవళము ప్రక్కగా ప్రవహించి, ఊత్తుకోట్టై, పెరియపాళెయము, మా పొరుగున నున్న ఆరణి మీదుగా పులికాటు చేరును. వేసవిలో ఇసుక, కార్తికములో భయము. 2015లోను, 2021లోను ఈశాన్య ఋతుపవనముల వేళ ఆ భయము ఎట్టిదో ఈ తీరమువారికి చెప్పనక్కరలేదు. పైన జలాశయమునుండి నీరు వదలినప్పుడు గట్టు ఎక్కడ పొర్లును, ఏ పల్లెకు ఎంత వ్యవధిలో నీరు చేరును, ముసలివారిని ఏ బాటను తరలింపవచ్చును – ఆమె లెక్క ఇది. అందులోని తప్పు కాగితముమీద నిలిచిపోవునది కాదు.

"పెదనాయనా, మా తోటివారందరూ పెద్ద పేరున్న సాఫ్ట్‌వేరే పట్టుకుంటున్నారు. నేను దేన్ని పట్టుకోవాలి?" అని ఆమె మమ్ము అడిగినది. మా ఉద్యోగమంతయు నీటిపారుదల కట్టడములతో గడచినది గనుక అడిగియుండును. మేము సమాధానము చెప్పకమునుపే మా తమ్ముడు అందుకొని, "అన్నా, ఉద్యోగ ప్రకటనల్లో ఏ పేరుంటే ఆ పేరే నేర్చుకోవాలి గదా! ఊరికే వచ్చినదానికి ఊళ్ళో విలువేముంది?" అనెను. ఆ మాట తీసివేయదగినది కాదు. బిడ్డ చదువునకు అప్పుచేసిన తండ్రి మాట అది.

వాస్తవముగా ఆన్సిస్ ఫ్లూయెంటు వంటి వెలగల పనిముట్లకు గొప్ప సుగుణములున్నవి. గళ్ళ జాలకమును అల్లుట సులభము. ఇబ్బంది కలిగినచో పలుకువారుందురు. పరిశ్రమలు ఏండ్ల తరబడి పరీక్షించి నమ్మినవి. కాని ఉమ్మడి యంత్రముమీద వాని లెక్క మారును. లైసెన్సు ఎన్ని కోరులకు ఇచ్చిరో అన్నిటిమీదనే నడచును. లైసెన్సును పరీక్షించు యంత్రము కళాశాల గోడలలో నుండగా, లెక్కచేయు నోడు వేఱొక ఊర నుండి దానిని చేరలేకపోవచ్చును. విద్యార్థులకు ఉచితముగా ఇచ్చు ప్రతులకు గళ్ళ సంఖ్యలో హద్దుండును. చదువు ముగిసిన మరునాడు తాళము పడును. మా వీధిలోని పిల్లవాడొకడు ఒక శిక్షణాలయములో వేలకు వేలు కట్టి చేరెను. ఏ గుండీ తరువాత ఏ గుండీ నొక్కవలెనో నేర్పిరే గాని, ఆ గుండీ క్రింద ఏ సమీకరణమున్నదో చెప్పలేదు. ఏడాది కాగానే లైసెన్సు గడువు తీరినది. తాను చేసిన పనిని తానే తెరచి చూచుకొనలేని స్థితి ఆ బిడ్డకు కలిగినది. తన పొలము పండించిన ధాన్యమునకు పొరుగువాని కొట్టు తాళము పడినట్లయినది.

ఉచితమైనదంతయు మంచిదే యనుటయు పొరపాటే. ఓపెన్‌ఫోమ్ అను ప్రసిద్ధమైన ప్రవాహగణన సాధనము 2004లో మూలముతో సహా లోకమునకు తెరువబడినది. వేలకొలది కోరులమీద లైసెన్సు రుసుము లేకుండ నడచును. తెరపై బొమ్మ లేకుండ, వ్రాసిన ఆజ్ఞలతోనే పనిచేయును గనుక ఉమ్మడి యంత్రమునకు స్వభావముచేతనే తగినది. కాని నేడు ఆ పేరుతోనే రెండు ప్రధానమైన పాయలు వేర్వేరు సంస్థల చేతులలో ప్రవహించుచున్నవి. ఒక పాయకు వ్రాసిన ఆజ్ఞలు రెండవదానిలో కొన్నియెడల చెల్లవు. ఏ పాయ, ఏ సంవత్సరపు ప్రతి అని వ్రాసిపెట్టుకొననివాడు ఆరునెలల తరువాత తన ఫలితమును తానే తిరిగి రాబట్టలేడు. అందుకే తెలిసినవారు సాధనమును, దాని పరివారమును ఒక పెట్టెలో పెట్టినట్లు కట్టి ఒక యంత్రమునుండి వేఱొక యంత్రమునకు తీసికొనిపోవుదురు. దానిని కంటెయినరు అందురు.

అంతకన్న ముఖ్యమైన ప్రశ్న వేఱొకటి యుండెను. ఆరణియారు వరదకు ముమ్మూర్తుల సుడిగుండములను లెక్కించు సాధనమే అక్కరలేదు. మైళ్ళకొలది పరచుకొని, లోతు తక్కువగా సాగు నీటికి ఫ్రెంచి పండితుడు సెయింట్ వెనాంట్ 1871లో ఇచ్చిన సమీకరణముల మార్గమే చాలును. ఆ మార్గమున రెండు సాధనములు మా యెదుట నిలిచినవి. ఒకటి అమెరికా సైనిక ఇంజనీర్ల హెక్-రాస్. దానికి వెల లేదు, మూలమును మాత్రము తెరువలేదు. అది ప్రధానముగా విండోసు బల్లకంప్యూటరుకై కట్టినది; ఒకే యంత్రములోని కోరులను వాడుకొనునే గాని పలు నోడులకు పనిని పంచదు. రెండవది ఫ్రాన్సు దేశపు విద్యుత్ సంస్థలో పుట్టిన టెలిమాక్. దాని మూలము తెరచియున్నది. నేలను త్రికోణములుగా కోసి, ముక్కలను నోడులకు పంచి లెక్కించును. గట్టు తెగుటను చూపు ఏర్పాటును దానిలో కలదు. కాని నేర్చుకొనుట కష్టము.

మేము ఆమెతో ఇట్లంటిమి: "అమ్మా, పెద్ద యంత్రమెక్కుటకు తొందరపడవద్దు. ముందు హెక్-రాస్‌తో ఇంటి బల్లమీదనే ముతక గళ్ళ లెక్క చేయుము. ఏరు నీకు పరిచయము కానిమ్ము. ఇల్లు చాలదని తేలిన తరువాతనే ఊరి తూముకడకు పొమ్ము." ఉమ్మడి యంత్రమునకు తగిన పనిముట్టు ఏదియను ప్రశ్నకు, ఆ యంత్రమునకే పోనక్కరలేదనునదియు ఒక సమాధానము కాగలదని చాలమంది మరతురు.

ఇల్లు నిజముగా చాలలేదు. గట్టు తెగు చోటులు మార్చి, వదలు నీరు మార్చి, నేల గరుకుదనము మార్చి, వందలకొలది లెక్కలు నడపవలసివచ్చినది. అప్పుడు టెలిమాక్ పరమ్ పొరుళ్ ఎక్కినది. ఎన్ని కోరులు అడుగవలెననునది వెంటనే వచ్చిన ప్రశ్న. వీలైనన్ని యని కుఱ్ఱతనము చెప్పును. 1967లో ఆమ్‌డాల్ అను శాస్త్రజ్ఞుడు చూపిన సూత్రము వేఱుగా చెప్పుచున్నది. ఒక కోరుమీద 100 గంటలు పట్టు పనిలో నూటికి 5 వంతులు పంచుకొనుటకు వీలులేనిదనుకొందము. 48 కోరులు పెట్టినచో అది 7 గంటలలో ముగియును. పదింతలు చేసి 480 పెట్టినను 5 గంటల 12 నిమిషములు పట్టును. రెండు గంటలైనను మిగులలేదు. కాని ఉమ్మడి సొత్తులో వాడుకొన్న కోరుగంటలు 335 నుండి ఇంచుమించు 2,500 అయినవి. ఆ తక్కిన గంటలు వేఱొక విద్యార్థివి. మందుల అణువులను పరీక్షించువానివో, వంతెన కంపమును లెక్కించువానివో. ఆమె చిన్న లెక్కను 12, 24, 48, 96 కోరులమీద నడిపి చూచి, ఎక్కడ లాభము తగ్గుచున్నదో అక్కడ ఆగినది.

ఇన్ని చేసినను, లెక్కకు ప్రాణము పోసినది వేఱొక పనిముట్టు. ఉచితముగా లభించు ఉపగ్రహ పటములలో నేల ఎత్తు 30 మీటర్లకు ఒక అంకెగా నుండును. మా ఏటి గట్టు తల వెడల్పు కొన్ని మీటర్లే. కనుక పటములో గట్టే లేదు! 5 మీటర్ల గడి వేసినను లేని గట్టు పుట్టదు. మొదటి లెక్కలో నీరు పలుచగా పొలములన్నిటిమీద పరచుకొని, ఎవరికిని పెద్ద కీడు లేనట్లు కనబడినది. ఆ చల్లని బొమ్మయే మమ్ము భయపెట్టినది. మేము మూలనున్న డంపీ లెవెలును దుమ్ము దులిపి, కొలకఱ్ఱ ఆమె చేతికిచ్చి, మాఘమాసపు ఎండలో పదునాలుగు దినములు గట్టు వెంబడి నడచితిమి. పల్లెలవారు గోడలమీద 2015 నాటి నీటి గుర్తులను, 2021 నాటి గుర్తులను చూపిరి. ఒక ముసలమ్మ, "ఇక్కడ బండ్లు దిగి దిగి గట్టు కుంగింది నాయనా, నీళ్ళు వస్తే ముందు ఇక్కడే" అని తమిళము కలసిన తెలుగులో చెప్పినది. ఆ కుంగిన చోటు తక్కిన గట్టుకన్న రెండడుగులు పల్లముగా నున్నట్లు లెవెలు చూపినది.

ఆ ఎత్తులు చేర్చిన తరువాత లెక్క మారిపోయినది. నీరు పరచుకొనక ఏటిలోనే లేచి, ఆ కుంగిన చోట ఒక్కటిగా పొర్లి, దాని యెదుటి పల్లెమీద పడినది. ఆ పల్లెవారు ఇంతకాలము వరదలో నడచిపోవు బాటయే మొదట మునుగుచున్నది. గోడ గుర్తులతో పోల్చగా లోతులు దగ్గరగా సరిపోయినవి. ఆమె ఆ పటమును తమిళములో వ్రాసి పల్లెవారికి చూపి, ఎత్తుగానున్న రెండవ బాటను గుర్తుపెట్టి వచ్చినది. ఆమె సిద్ధాంత గ్రంథమునకు ఏ శ్రేణి వచ్చినను, మాకు తృప్తి కలిగించినది ఆ రెండవ బాట.

మా తమ్ముని ప్రశ్నకు గూడ సమాధానము దొరకినది. సమీకరణమును, గడిని, హద్దులను ఎరిగినవారు కొత్త సాధనమును కొన్ని వారములలో పట్టుకొందురు. ఆమె అట్లే వెలగల సాధనమును గూడ పిమ్మట నేర్చినది. గుండీలు మాత్రమే ఎరిగినవారు గుండీ చోటు మారినచో నిలిచిపోవుదురు. దేశము సైతము ఈ మార్గమునే అనుసరించినది. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచినప్పుడు మన మేడలమీదికి దాని పొగబాట కనబడును గదా! ఆ రాకెట్ల దృఢత్వమును లెక్కించుటకు ఫీస్ట్ అను సాధనమును, వానిచుట్టు గాలిని లెక్కించుటకు ప్రవాహ అను సాధనమును తిరువనంతపురములోని విక్రమ్ సారాభాయి కేంద్రమువారు తామే వ్రాసికొనిరి. కొనుటకు దొరకు పనిముట్లున్నను, లోపల ఏమున్నదో తమకు తెలియవలెనని వారు తలచియుందురు.

ఈ విద్య మనకు పరాయిది కాదు. శ్రీకాళహస్తి చెంత కాటూరులో పుట్టి, 1958లో గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టము పొందిన రాజ్ రెడ్డిగారు 1966లో స్టాన్‌ఫర్డులో జాన్ మెకార్తీ పర్యవేక్షణలో డాక్టరేటు గ్రహించిరి. 1994లో కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గౌరవమైన ట్యూరింగు బహుమతిని అందుకొనిరి. ఒక యంత్రమును పలువురు ఏకకాలమున పంచుకొనవలెనను భావమును మొదట ప్రచారము చేసినవారిలో ఆ మెకార్తీయే ఒకరు. నేడు బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ వారు తెరచిన సాధనములను కళాశాలలకు నేర్పుచున్నారు. అచ్చటి స్పోకెన్ ట్యుటోరియలు పాఠములలో కొన్ని తెలుగులోను, తమిళములోను గూడ వినవచ్చును. తెలుగు మాటలాడుట వచ్చి వ్రాయుట రాని మన బిడ్డలకు ఇట్టి పాఠములు రెండువిధముల మేలు.

కావున సంఘ కుటుంబములకు మా మనవి ఇది. బిడ్డ వచ్చి ఫలానా సాఫ్ట్‌వేరు కావలెనని అడిగినప్పుడు వెల మాత్రమే అడుగకుడు. ఆ లెక్కకు అంత పెద్ద యంత్రము నిజముగా అక్కరయా యని అడుగుడు. చదువు ముగిసిన తరువాతను ఆ పని తెరచి చూడగలవా యని అడుగుడు. దాని లోపల ఏ సమీకరణమున్నదో ఇంటిలోనివారికి అర్థమగునట్లు చెప్పుమనుడు. నేలమీద కొలిచి వచ్చితివా యని అడుగుడు. కడపట, నీ వెనుక వంతుకై కాచుకొన్నవానికి ఎంత మిగిల్చితివని అడుగుడు. ఈ ప్రశ్నలకు ఇంజనీరింగు చదువు అక్కరలేదు. చెరువు క్రింద సేద్యము చేసిన ఇంటిలో పుట్టియుండిన చాలును.